పచ్చటిక్కు ప్రబంధం

విఘ్నాలు తొలగించే దేవుడికి మొదటి దండం పెట్టడం మన ఆచారం. సాఫ్ట్‌వేర్ లోకంలో విఘ్నాలు తొలగించే దేవుడెవరో ఇంకా తేలలేదు గానీ కలిగించేవాడు మాత్రం తెలుసు. కాబట్టి ఆ దండం ఆయనకే. ఆ స్వామి పేరు టాబ్. నిరాకారుడు, నిశ్శబ్దుడు, కీబోర్డు ఎడమ అంచున కొలువైనవాడు. ఉన్నా కనపడడు, లేకపోయినా కనపడడు. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అనే పనిముట్టు రాస్తూ, ప్రతి ఆజ్ఞకూ ముందు టాబ్ ఉండి తీరాలని శాసనం చేశాడు. అది అంత మంచి ఆలోచన కాదని కొద్ది వారాల్లోనే ఆయనకీ తెలిసింది. కానీ అప్పటికే డజను మంది దాకా ఆ పనిముట్టు వాడేస్తున్నారట, వాళ్ళని ఇబ్బంది పెట్టడం బాగుండదని ఊరుకున్నాడు. ఆ డజను మంది మీది మొహమాటం ఇప్పుడు లోకమంతా మోస్తోంది. టాబ్ ఉండాల్సిన చోట ఎనిమిది ఖాళీలు కొట్టిన పాపానికి మూడు నక్షత్రాలు మెరిసి, ‘మిస్సింగ్ సెపరేటర్. స్టాప్’ అని ఆకాశవాణి వినిపిస్తుంది. ఆ ‘స్టాప్’ తర్వాత ఉండే చుక్క ఎంత కఠినమైనదో అనుభవించినవాళ్ళకే ఎరుక.

స్తుతి అయింది. కుకవి నింద చేయాలి గానీ, టెస్టులు రాయకుండా కోడు పంపేవాళ్ళంతా నా స్నేహితులే, కనుక వదిలేస్తున్నాను. ప్రబంధం అన్నాక అష్టాదశ వర్ణనలుండాలి. ఢిల్లీలో సముద్రం లేదు. శైలం అంటే చెత్త పోసిన ఘాజీపూర్ కొండ ఒకటుంది, దాన్ని వర్ణిస్తే కావ్యం వాసన వేస్తుంది. జలక్రీడ, మధుపానం, రతోత్సవం వగైరాలు ఈ కథానాయకుడి జాతకంలో కనపడవు. కుదిరినవి కుదిరినంతలో చెబుతాను, వరస తప్పితే పెద్దలు మన్నించాలి.

పుర వర్ణన. ఇండియా గేటు దగ్గర పుట్టి, విండ్సర్ ప్లేస్ గుండ్రాన్ని చుట్టి, పటేల్ చౌక్ దాటి, బంగ్లా సాహిబ్ గురుద్వారా బంగారు గుమ్మటానికి నమస్కరించి, గోల్ డాక్ ఖానా దగ్గర విశ్రమించే రాజవీధి అశోకా రోడ్. పేరు అశోకుడిది, నీడ నేరేడు చెట్లది. జూన్, జూలైల్లో ఆ వీధిన తెల్ల చొక్కాతో నడిచినవాడు ఊదా మచ్చలు లేకుండా ఇల్లు చేరడం దుర్లభం. ఆ వీధి మొదట్లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోసం లుట్యెన్స్ గీసిన హైదరాబాద్ హౌస్ సీతాకోకచిలుకలా రెక్కలు చాచి ఉంటుంది. ఇప్పుడు అందులో దేశాధినేతలు కరచాలనం చేసుకుంటారు. దాని పొరుగున, ఒకటో నంబరు పేరు చెప్పుకుంటూ, ఆంధ్రా భవన్. ఇక్కడా అధినేతలున్నారు. ఒకరు పప్పు గిన్నెతో, ఒకరు సాంబారు బకెట్‌తో, ఒకరు నేతి చెంచాతో సంచరిస్తుంటారు. ముందుకు పోతే దేశంలో ప్రతి తీగనూ ప్రతి తరంగాన్నీ ఏలే సంచార్ భవన్, ప్రతి ఓటునూ కాచే నిర్వాచన్ సదన్ కూడా ఈ వీధివే. ఇంతటి వీధిలో జరిగిన అతి చిన్న సంగతే ఈ కావ్యవస్తువు. ఒక ఫాంటుకు టెస్టులు రాయడం.

ఇక నాయకుడు. ధీరోదాత్తుడు కాడు, ధీరశాంతుడు అసలు కాడు, కరోల్ బాగ్‌లో అద్దెగది వాసి. వారమంతా గురుగ్రామ్‌లో ఉద్యోగం, ఆదివారం మాత్రం ఎవరూ జీతమివ్వని ఒక ఓపెన్‌సోర్సు తెలుగు ఫాంటు ప్రాజెక్టుకు ఊడిగం. ఆ ఆదివారం బిర్యానీ కోసం ఆంధ్రా భవన్ క్యూలో గంట సేపు తపస్సు చేసి, వరం పొంది, భుజించి, ఆవరణలో చెట్టు కింద ల్యాప్‌టాప్ తెరిచాడు. పక్కన అమలాపురం నుంచి ఏదో పని మీద వచ్చిన బాబాయి. రిటైరైన స్కూలు మాస్టారు. ఉద్యానవర్ణన దీంతో సరి.

ఇప్పుడు సైన్యాన్ని చూపిస్తాను. తెలుగు ఫాంటుల్లో ఊరూ పేరూ లేని అనామకులు తక్కువ. సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో లోకానికి విడిచిపెట్టిన ఫాంటుల పేర్లు చదువుతుంటే భువనవిజయం తలుపు తెరిచినట్టే ఉంటుంది. పెద్దన ఉన్నాడు, తిమ్మన ఉన్నాడు, ధూర్జటి ఉన్నాడు, తెనాలి రామకృష్ణుడున్నాడు. వీళ్ళందరికీ పైన శ్రీకృష్ణదేవరాయలు కూడా ఒక ఫాంటై వెలిశాడు. అష్టదిగ్గజాల్లో కనీసం సగం మంది ఇలా ‘టీటీఎఫ్’ అనే మూడక్షరాల తోక తగిలించుకుని కిలోబైట్ల లెక్కన తూగుతున్నారు. అదే ఫోల్డరులో గ్రాంథికాన్ని గడగడలాడించిన గిడుగు, ఆ పక్కనే గురజాడ. దాదాపు నాలుగు వందల ఏళ్ళ తేడా ఉన్నవాళ్ళు అక్షరక్రమంలో భుజం భుజం రాసుకుని నిలబడ్డారు. మన నాయకుడి ఫాంటు ఇంత పేరున్నది కాదు. అందుకే దాని పేరు చెప్పను. అయినా అక్షరం గీసినవాడి కష్టం పేరుని బట్టి తగ్గదు.

ఫాంటుకు టెస్టులేమిటి, అది బొమ్మే కదా అని మాస్టారు అడిగారు. అడగదగ్గ ప్రశ్నే. తెలుగు అక్షరం తెర మీద కనిపించేటప్పుడు గీత మాత్రమే కాదు, అదొక శాసనం. ‘జ్ఞానం’లో మొదటి ముక్కనే తీసుకోండి. జ, పొల్లు, ఞ, దీర్ఘం అని నాలుగు సంకేతాలు వరసగా వస్తాయి. దీర్ఘం వచ్చింది ఞ తర్వాత, అతుక్కోవలసింది మాత్రం జకి. ఞ ఒత్తుగా మారి కిందికి దిగాలి, దిగుతూ దీర్ఘానికి దారి ఇవ్వాలి. ఎవరెక్కడ కూర్చోవాలో, ఎవరి కొమ్ము ఎవరికి తగలకూడదో తేల్చేదాన్ని షేపింగ్ ఇంజిన్ అంటారు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రే ఆఫీస్ ఇవన్నీ అందుకు హార్ఫ్‌బజ్ అనే ఒకే ఓపెన్‌సోర్సు యంత్రాన్ని నమ్ముకున్నాయి. బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరానీయుడు దాన్ని ఏళ్ళ తరబడి చెక్కాడు. తెలుగువాళ్ళు రోజూ ఆండ్రాయిడ్ ఫోన్లో చదివే ప్రతి ఒత్తూ ఆయన ఇంటి గడప తొక్కి వచ్చిందే. ఆయన పేరిట మనవాళ్ళు ఒక్క సన్మానసభైనా పెట్టినట్టు నేను వినలేదు. శాలువాలకు మాత్రం మనకెప్పుడూ కొరత లేదు.

ఇక్కడ యుద్ధవర్ణన తప్పదు. ఈ కావ్యానికి ప్రాణం అదే.

హార్ఫ్‌బజ్‌కి భారతీయ లిపులు నేర్పే రోజుల్లో, అంటే 2012 ప్రాంతాల్లో, సరైన రూపం ఏదో తేల్చేదెవరు అన్న సమస్య వచ్చింది. అప్పటికి ఈ లిపుల్లో ముదిరిన చెయ్యి మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఉండే యూనిస్క్రైబ్. దాన్ని భీష్ముడి స్థానంలో కూర్చోబెట్టారు. వికీపీడియాల్లో ఉన్న పాఠాన్నంతా తోడి, పదాలను విడదీసి, ఒక్కొక్క పదాన్నీ అటు యూనిస్క్రైబ్‌కీ ఇటు హార్ఫ్‌బజ్‌కీ ఇచ్చి, రెండింటి జవాబులూ పోల్చారు. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియా అప్పటికి పట్టుమని పదేళ్ళది కూడా కాదు. ఊళ్ళ పేర్లు, సినిమా పేర్లు, పురాణాలు, మండలాలు ఎక్కిస్తూ కూర్చున్న ఆ ఔత్సాహికులకు తాము సైన్యాన్ని సమీకరిస్తున్నామన్న సంగతి తెలియదు. పేరుకు పేరు పెరిగి, చివరికి రణరంగంలో నిలిచిన తెలుగు పదాలు 9,70,573.

లెక్క తెలిసినవాళ్ళ కోసం చెబుతున్నాను. అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాలిబంట్లు, మొత్తం 2,18,700. ఆ లెక్కన తెలుగు పదసేన నాలుగు అక్షౌహిణులు దాటింది. సంస్కృత సమాసాల ఏనుగులు తొండాలెత్తాయి. ‘స్త్రీ’ వంటి మూడు హల్లుల రథాలు ముందుకు దూకాయి. ‘కి’ ‘కు’ ‘ని’ ‘ను’లు తగిలించుకున్న విభక్తుల గుర్రాలు సకిలించాయి. ‘స్ట్రాంగ్’, ‘ఎక్స్‌ప్రెస్’ లాంటి కిరాయి సైనికులు ఎక్కడెక్కడి కవచాలో వేసుకుని వచ్చారు. సున్నాలు చక్రాల్లా దొర్లాయి, వట్రసుడులు పాశాల్లా తిరిగాయి. కంపించాల్సిన భూమి కంపించలేదు, ప్రాసెసర్ ఫ్యాను మాత్రం గట్టిగా తిరిగింది. అంతా సద్దుమణిగాక, కోడు మార్పు వెంట రాసే కమిట్ సందేశంలో ఒక వరస మిగిలింది. నెగ్గినవి 9,70,555. పడిపోయినవి 18.

పద్దెనిమిది! పర్వాలు పద్దెనిమిది, కురుక్షేత్రం రోజులు పద్దెనిమిది, కూడిన అక్షౌహిణులు పద్దెనిమిది, ప్రబంధ వర్ణనలు పద్దెనిమిది. వ్యాసుడు కూడా ఇంత సులువుగా సర్దలేడు. అదే పట్టికలో కన్నడసేన 9,51,913కి 712 మందిని పోగొట్టుకుంది. తమిళసేన పది లక్షలు దాటినా దాదాపు చెక్కు చెదరలేదు, కానీ వాళ్ళకు ఒత్తులు లేవు. ఒత్తులు లేని యుద్ధం యుద్ధమా అని నా తెలుగు అహంకారం. ఆ పద్దెనిమిది మంది ఎవరో, ఏ ఊరి పేర్లో, ఏ సినిమా పేర్లో ఆ వరసలో ఉండదు. శాతం మాత్రం ఉంటుంది, 0.00185457. పదమూడు రోజులు మైల పట్టడానికి ఆ దశాంశ స్థానాలు చాలు.

అయితే భీష్ముడు చెప్పిందల్లా ధర్మమేనా? ఈ ప్రశ్న భారతంలోనూ ఉంది, ఇక్కడా ఉంది. తేడా వచ్చిన ప్రతిచోటా తప్పు హార్ఫ్‌బజ్‌దే కానక్కర్లేదు, యూనిస్క్రైబ్ కూడా పొరబడవచ్చు. రెండూ ఒకేలా పొరబడితే ఆ పదం ‘నెగ్గిన’ లెక్కలోకి పోతుంది, దాన్ని అడిగే నాథుడుండడు. నా మటుకు నాకు, టెస్టు అంటే సత్యవాక్యం కాదు. నిన్న ఒప్పుకున్నదాన్ని ఇవాళ మాట తప్పలేదని చూసుకోవడం, అంతే. ఒప్పుకున్నదే తప్పయితే దిద్దాల్సింది చదువుకున్న కన్ను. తెలుగు ఒత్తు చూసి ‘ఇది ఇలా ఉండకూడదు’ అనగల కళ్ళు కోట్లలో ఉన్నాయి. ఆ కళ్ళున్నవాళ్ళు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి ‘మన భాషకు పట్టిన గతి’ అని నిట్టూరుస్తారు. అదే స్క్రీన్‌షాట్‌ని బగ్‌గా నమోదు చేస్తే ఒక టెస్టు పుడుతుంది. నిట్టూర్పుకి టెస్టులు పుట్టవు.

పరీక్షించని మూల నుంచి ఏమొస్తుందో 2018 ఫిబ్రవరిలో లోకం చూసింది. ఇందాకటి జ్ఞా మళ్ళీ రంగప్రవేశం చేసింది, ఈసారి దివ్యాస్త్రంగా. జ, పొల్లు, ఞ వచ్చాక, దీర్ఘానికి ముందు, రూపం లేని మరో సంకేతం దూరింది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి, పని అక్షరాలను కలవకుండా ఆపడం. ఇదీ టాబ్‌స్వామి వంశమే, కంటికి ఆనదు. ఈ ఐదు సంకేతాల ముక్క సందేశంగా అందగానే ఐఫోన్ స్పృహ తప్పింది. ఐప్యాడ్ ఒరిగింది, మ్యాక్ మూర్ఛపోయింది, చేతికి కట్టిన వాచీ కూడా ఆ దెబ్బకి తాళలేకపోయింది. ఐఓఎస్ 11.2.5 వాడుతున్న శ్వేతద్వీపవాసులు, తెలుగనే భాష ఉందని జన్మలో మొదటిసారి విన్నారు. ఎన్ని తెలుగు మహాసభలు పెట్టినా రాని కీర్తి ఒక్క జ్ఞా తెచ్చింది. జ్ఞానం వల్ల ఫోను చచ్చిందని ఆ వారం నవ్వుకోని తెలుగువాడు లేడు. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 అనే సంజీవని పంపాక అన్నీ లేచి కూర్చున్నాయి. యాపిల్ ఇంజిను హార్ఫ్‌బజ్ కాదు, సొంతది, మూసి ఉన్నది. పైకి కనిపించే కోడు అయితే ఇలా జరగదని నేను ప్రమాణం చేయను. కాకపోతే జరిగిన మర్నాడు ఆ ఐదు సంకేతాలూ ఎవరికైనా తెరిచి చదవగల టెస్టుగా మిగిలేవి.

మన నాయకుడు ఆ మధ్యాహ్నం సరిగ్గా ఆ వరసే రాస్తున్నాడు. దగ్గరకు వంగి చూస్తే అది ఇంతే: ముందు ఫాంటు పేరు, సెమికోలను, తర్వాత 0సి1సి, 0సి4డి, 0సి1ఇ, 200సి, 0సి3ఇ, మళ్ళీ సెమికోలను, చివర రావలసిన ఆకారాల పేర్లు. ఒక్క వరస. చదవడానికి పద్యం కాదు, పాడడానికి కీర్తన కాదు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశారు.

“ఏరా, గంట నుంచి చూస్తున్నా. ఆ ఎర్ర గుర్తేంటి, మళ్ళీ మళ్ళీ వస్తోంది?”

“ఫెయిలైందని బాబాయ్. పరీక్ష పెట్టాను, తప్పింది.”

“నువ్వు పెట్టిన పరీక్ష నువ్వే తప్పావా?”

“నేను కాదు, ఫాంటు తప్పింది. తప్పాలనే పెట్టాను. ముందు తప్పాలి, తర్వాత దిద్దాలి. అప్పుడే ఆ పరీక్ష పనిచేస్తోందని తెలుస్తుంది.”

మాస్టారు తల పంకించారు. “పోలింగు డ్యూటీలో మేమూ అంతేరా. పొద్దున్న ఓటింగు ఏడింటికయితే, గంటన్నర ముందే ఏజెంట్లని కూర్చోబెట్టి మాక్ పోల్. యాభై ఓట్లకి తక్కువ కాకుండా వేయాలి. ఏ గుర్తుకి ఎన్ని వేశామో కాగితం మీద రాసుకోవాలి. క్లోజ్ నొక్కాలి, రిజల్ట్ చూపించాలి, లెక్క సరిపోయిందని అందరూ అన్నాక క్లియర్ నొక్కాలి. ఆ క్లియర్ మర్చిపోయావో, ఇక నీ ఉద్యోగం గోదాట్లో కలిసినట్టే. దొంగ ఓట్ల స్లిప్పులు నల్ల కవర్లో పెట్టి సీలు వేయాలి.”

“దొంగ ఓట్లు కాదు బాబాయ్, టెస్టు డేటా.”

“ఏదోలేరా. ఆ రూలు రాసేవాళ్ళు ఈ రోడ్డు మీదే ఉంటారట కదా.”

ఉంటారు. నిర్వాచన్ సదన్‌కీ ఈ చెట్టుకీ మధ్య ఆటోలో నాలుగు నిమిషాల దూరం. ఎన్నికల సంఘం లక్షల పోలింగు కేంద్రాల్లో చేయించే ఆ తెల్లవారుజాము క్రతువుకి మించిన ఆటోమేటెడ్ కాని టెస్టింగు ఈ దేశంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. తెలిసిన ఓట్లు వేసి, తెలిసిన జవాబు వచ్చిందో లేదో చూసి, ఆనవాలు తుడిచేసి, అసలు పనికి తలుపు తెరవడం. మన నాయకుడు యాభై పదాల జాబితా ఒకటి తయారు చేసుకోవడానికి నిశ్చయించుకున్నాడు. ఇది మంత్రవర్ణన కిందికి వస్తుంది.

ఆ జాబితాకు ముందు ఒక కొండను తొలగించాల్సి వచ్చింది. ఆ ప్రాజెక్టుకున్న పాత మేక్‌ఫైలు. ఎవరో పూర్వీకుడు రాసిపోయాడు. అందులో దేనికి ఏది ఆధారమో చెప్పకపోవడం వల్ల, ఒక్క అక్షరం కొమ్ము సవరించినా లావు, సన్నం, మధ్యస్థం అన్నీ మొదటి నుంచి తయారయ్యేవి. ఫెల్డ్‌మన్ వరమే ఇక్కడ వృథా అయింది. మేక్ గొప్పతనమంతా గడియారం చూడడంలో ఉంది. మూలం కంటే ఫలితం కొత్తదైతే ముట్టుకోదు, పాతదైతేనే మళ్ళీ వండుతుంది. ఏ ఫలితం ఏ మూలం మీద నిలబడిందో చెప్పకపోతే పాపం దానికేం తెలుస్తుంది? నాయకుడు ఒక్కొక్క ఆధారాన్నీ వరసలో రాశాడు, ప్రతి ఆజ్ఞ ముందూ టాబ్‌స్వామిని ప్రతిష్ఠించాడు. అప్పటిదాకా టీ తాగి రావడానికి సరిపోయే బిల్డు, తుమ్మేలోపు అయిపోవడం మొదలైంది. నిజానికి పెద్ద ప్రాజెక్టులు ఈ మార్గం కూడా దాటిపోయాయి. హార్ఫ్‌బజ్ ఆటోటూల్స్ అనే వృద్ధ పురోహితుణ్ణి సాగనంపి, ఫిన్లాండ్ వాసి జుస్సి పక్కనెన్ మొదలుపెట్టిన మీసన్‌ని ఇంట్లోకి తెచ్చుకుంది. ఆ వృద్ధుడు పోయినందుకు నాకు మాత్రం కాస్త బాధే. ‘కాన్ఫిగర్’ అనగానే ఆయన చదివే సహస్రనామంలో ఒక వరస వచ్చేది: ఈ బిల్డు వాతావరణానికి మతి స్థిమితంగా ఉందా... ఉంది. రోజుకొకసారి అలా ధ్రువీకరించేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు?

ఈ వృద్ధుడి అంగవస్త్రం చాటునే 2024లో ఒక ఘోరం జరిగింది, కావ్యంలో బీభత్స రసం కోసం దాన్ని చెప్పి ముందుకు పోతాను. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలను మూటగట్టి, శవమని చెప్పి జమ్మిచెట్టుకి వేలాడదీశారు. శవం దగ్గరికి ఎవరూ పోరు కదా. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళు కుదించే చిన్న పనిముట్టులో, జియా టాన్ అనే పేరు పెట్టుకున్న ఒక అజ్ఞాతవాసి రెండేళ్ళకు పైగా వినయంగా సేవ చేసి, అధికారం సంపాదించి, విషాన్ని సరిగ్గా ఈ ఉపాయంతోనే దాచాడు. ఎక్కడ? టెస్టు ఫైళ్ళలో! కుదింపు పనిముట్టుకి పాడైన ఫైళ్ళు ఇచ్చి పరీక్షించడం మామూలే, కాబట్టి ‘ఇది పాడైన ఫైలు’ అని పేరు పెట్టిన దాన్ని తెరిచి చూసేవాడు లేడు. ఆ మూట విప్పే మంత్రం బిల్డు స్క్రిప్టులో ఉంది. అదీ అందరూ చూసే రిపోలో కాదు, విడుదల మూటలో మాత్రమే. 5.6.0, 5.6.1 అనే రెండు విడుదలలు అలా బయటికి వెళ్ళాయి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఇంజినీరు వేరే పని చేసుకుంటూ, సర్వర్లోకి లాగిన్ అవడం అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీసి మార్చి 29న గుట్టు బయటపెట్టాడు. అరసెకను! మనవాళ్ళు రైలు నాలుగు గంటలు ఆలస్యమైనా ‘వస్తుందిలే’ అంటారు. కాపలా వేసిన టెస్టులే దొంగకు పరుపయ్యాయి, దొంగను పట్టించింది ఏ టెస్టూ కాదు, ఒక మనిషి చిరాకు.

అయినా సైన్యం మానేస్తామా? ఎస్క్యూలైట్ అనే డేటాబేసు మీ ఫోన్లో ఇప్పుడు కూడా పనిచేస్తూ ఉంటుంది. 2023 నాటి లెక్కలో దాని అసలు కోడు లక్షా యాభై అయిదు వేల వరసల చిల్లర, దానికి కాపలా ఉన్న టెస్టు కోడు తొమ్మిది కోట్ల ఇరవై లక్షల వరసలు. ఒక్క వరసకి 590 మంది అంగరక్షకులు. అక్షౌహిణుల్లో చెప్పాలంటే నాలుగు వందల ఇరవై. అంత సైన్యం కురుక్షేత్రంలో పట్టదు, పానిపట్టుని కూడా కలుపుకోవాలి.

ప్రయాణ వర్ణన. ఇంట్లో నెగ్గిన టెస్టు ఇంట్లోనే నెగ్గినట్టు. ఊరికి దూరంగా, ఎవరిదో ముక్కూ మొహం తెలియని యంత్రం మీద, ఏమీ లేని ఉత్త నేల నుంచి మొదలుపెట్టి నెగ్గాలి. అందుకు గిట్‌హబ్ యాక్షన్స్‌కి దండయాత్ర ఆజ్ఞ రాయాలి, ఆ ఆజ్ఞ రాసే భాష యామల్. ఇక్కడ పెద్ద వ్యంగ్యం పొంచి ఉంది. మేక్ రాజ్యంలో టాబ్ లేనిదే చీమ కుట్టదు. యామల్ రాజ్యంలో వరసల ఇండెంటుకి టాబ్ వాడడం నిషిద్ధం, అక్కడ ఖాళీలదే ఏలుబడి. మేక్‌ఫైలులో స్వామికి కోవెల కట్టి వచ్చిన చేత్తోనే నాయకుడు యామల్‌లో ఆయన్ని ఊరు దాటించాల్సి వచ్చింది. అలవాటు కొద్దీ వేలు ఎడమ అంచుకి పోయింది. ఎర్ర ఇంటూ గుర్తు. తుడిచి రెండు ఖాళీలు కొట్టాడు. పసుపుచుక్క గిరగిర తిరిగింది. ‘క్యూలో ఉంది’ అని అటు నుంచి సమాధానం.

“క్యూ ఎక్కడా తప్పదన్న మాట,” అన్నారు మాస్టారు, బిర్యానీ టోకెను గుర్తొచ్చి.

విప్రలంభ శృంగారం ఇక్కడ పెట్టక తప్పదు. పసుపుచుక్క వంక చూస్తూ కూర్చున్న నాయకుడికి నేరేడు చెట్టు గాలి వడగాలిలా తోచింది. ఐస్‌క్రీము బండి గంట మన్మథ టంకారంలా వినపడింది. ట్యాబు మార్చాడు, మళ్ళీ వచ్చాడు, రిఫ్రెష్ కొట్టాడు. ఏ ఖండంలో ఉందో తెలియని ఆ యంత్రం, ఈయన విరహం పట్టకుండా, పైథాన్ దింపుకుంటోంది, ఫాంటు కట్టే పనిముట్లు దింపుకుంటోంది, హార్ఫ్‌బజ్ దింపుకుంటోంది. దిగాక ఫాంట్‌బేకరీ అనే పరీక్షాధికారి వచ్చాడు. ఆయన పూర్వాశ్రమంలో రొట్టెల కొట్టువాడిలా ప్రవర్తించేవాడు, నెగ్గితే రొట్టె బొమ్మ, తప్పితే మంట బొమ్మ ఇచ్చేవాడు. నెగ్గినవాటి వాన కురిసింది, మధ్యలో రెండు మంటలు. ఒకటి కాపీరైటు సంవత్సరం గురించి. రెండోది జ్ఞా.

నాయకుడు మూలంలోకి వెళ్ళాడు. ఫాంటు నియమాల పట్టికలో ఞ ఒత్తుకి ఒక వరస రాసి ఉంది గానీ, మధ్యలో అదృశ్య సంకేతం వస్తే దీర్ఘం ఏ ఆకారం తీసుకోవాలో చెప్పలేదు. పూర్వీకుడు దుర్మార్గుడేం కాడు, ఆ వరస అక్కరొస్తుందని ఆయన కలగనలేదు. ఒక వరస కలిపాడు. ఇంకో వరసలో జ బదులు ఙ పడి ఉంటే దిద్దాడు. మేక్ కొట్టాడు, తుమ్మేలోపు అయింది. పంపాడు. మళ్ళీ పసుపుచుక్క, మళ్ళీ విరహం, ఈసారి క్లుప్తంగా.

పచ్చటిక్కు వచ్చింది.

దేవతలు పుష్పవృష్టి కురిపించాలి. నేరేడు చెట్టు రెండు కాయలు కురిపించింది. ఒకటి కీబోర్డు మీద, ఒకటి మాస్టారి పంచె మీద. నాయకుడు తడిగుడ్డ కోసం వెతుకుతుండగా మార్పులు తీసుకోమని పంపిన పుల్ రిక్వెస్టు కింద ఎక్కడో మరో దేశంలో ఉండే మెయింటెయినరు వ్యాఖ్య దిగింది. టెస్టులు బాగున్నాయి, కమిట్లన్నీ ఒకటిగా కలిపి పంపు. కింద ఇంకో వరస: ఇదే పట్టిక కన్నడ ఫాంటుకి కూడా రాస్తావా?

“ఏమంటాడు?” అన్నారు మాస్టారు పంచె మచ్చ రుద్దుకుంటూ.

“కన్నడానికి కూడా చేయమంటున్నాడు బాబాయ్.”

“కన్నడం మనకెందుకురా? వాళ్ళు చేసుకోలేరా?”

“రాయలవారి బిరుదేంటి? కన్నడ రాజ్య రమా రమణుడనే కదా మీరు క్లాసులో చెప్పింది,” అంటూ నాయకుడు కొత్త ఫైలు తెరిచాడు. “ఆ 712 మందిని ఎవరో ఒకరు చూడాలి. మీరు టోకెన్లు తెండి, రాత్రి భోజనానికి కూడా ఇక్కడే ఉందాం.”